ఆంగ్ల పఠన పరీక్ష: ఢాకా ప్రయోగం, దాని పూర్వాపరాలు

చదువు అనే మాటకు తెలుగులో కనీసం రెండర్థాలున్నవి. ఎదుట ఉన్న అక్షరాలను గుర్తించి పలుకుట ఒకటి, విద్య మరొకటి. ఫలానావాడు చదువుకొన్నవాడన్నప్పుడు అతడు పుస్తకం తెరచి గడగడ వల్లించగలడని కాదు, విషయం గ్రహించగలవాడని మనవారి తాత్పర్యం. ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు అడుగుపెట్టిన నాటినుండి ఈ రెండర్థాలు దూరమైనవి. కుఱ్ఱవాడు ఇంగ్లీషు పుస్తకం చేతబట్టి పలుకుతున్నాడు, చదువుతున్నాడా? తెలిసికొనుటకు పరీక్ష ఉన్నదన్నారు. ఆ పరీక్ష నిజంగా దేనిని కొలుస్తున్నదో విచారించినవారు చాలాకాలం అరుదు. ఆ విచారణకు మన దేశంలో పూనుకొన్నవారిలో ముఖ్యుడు మైకేల్ వెస్ట్ అనే విద్యాశాఖాధికారి. ఆయన కార్యక్షేత్రం 1920 తరువాతి ఢాకా నగరం. ఆయన సిద్ధాంతాలలో కొన్ని నిలిచినవి, కొన్ని నిలువలేదు. కాని ఆయన వేసిన ప్రశ్న నేటికీ మన పదవ తరగతి పరీక్షాశాలలో కూర్చుండియే ఉన్నది.

పఠనాన్ని పరీక్షించుట మనకు క్రొత్త కాదు. పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరుగురిని లెక్కించినది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, గొంతు చాలనివాడు, అర్థం ఎఱుగనివాడు, వీరితోబాటు వ్రాతప్రతి చూచి చదివేవాడు. ఈ కడపటి దోషం నేటివారికి వింతగా తోచవచ్చును. వేదాధ్యయనంలో గ్రంథం చెవికీ కంఠానికీ చెందిన వస్తువు. కంటికి చెందినది కాదు. వీధిబడిలో పెద్దబాలశిక్ష పట్టిన పిల్లవాడు కూడా ముందు పద్యం కంఠస్థం చేసినాడు. అర్థం పదేండ్ల తరువాత తెలిసినా ఎవరూ తప్పు పట్టలేదు. ఆ పద్ధతికి తనదైన న్యాయం కలదు. పిల్లవాని చుట్టూ తెలుగు ఉన్నది. నోటికి వచ్చిన పద్యం ఒకనాడు తల్లి మాటతోనో, పొలంగట్టు మీది సామెతతోనో కలిసి తానే విచ్చుకొనును. ఇంగ్లీషును కూడా అదే తీరున వల్లెవేయించినప్పుడు ఈ న్యాయం వర్తింపలేదు. ఆ భాష బాలుని ఇంట లేదు, వీధిలో లేదు. కంఠస్థమైన వాక్యం కంఠంలోనే ఉండిపోయినది.

1835లో మెకాలే నివేదిక, 1854లో ఉడ్ పంపిన తాఖీదు, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపన అందరూ ఎఱిగినవే. 1857 మార్చిలో కలకత్తా విశ్వవిద్యాలయం జరిపిన తొలి ప్రవేశపరీక్షకు కూర్చున్నవారు 244 మంది. మరుసటి ఏడు జరిగిన తొలి బి.ఏ. పరీక్షలో పట్టం పొందినవారు ఇద్దరే. వారిలో ఒకరు బంకించంద్రుడు. నాటినుండి మెట్రిక్యులేషన్ అనేది ఉన్నత విద్యకు ద్వారమే కాక, సర్కారు కొలువులకు కూడా ద్వారమైనది. ఇంగ్లీషు పత్రంలో వ్యాకరణం, పద్యానికి వచనంలో భావవివరణ, అనువాదం, వ్యాసం మొదలైనవి ఉండేవి. పాఠ్యగ్రంథం నిర్ణయమైన చోట దానికి టీకలు, నోట్సులు, ప్రశ్నోత్తరావళులు బజారులో వెలసినవి. గ్రంథం చూడక టీక మాత్రం చదివి గట్టెక్కినవారికి కొదువ లేదు. పరీక్షకుడు అడిగినది పఠనం. విద్యార్థి ఇచ్చినది స్మరణం. ఇద్దరి మధ్యా మౌనంగా ఒక ఒప్పందం కుదిరినది. ఆ ఒప్పందంలో నష్టపోయినది ఎవరో ఇరువురూ అడుగలేదు.

ఈ ఒప్పందాన్ని మొదట పట్టి ఇచ్చినది విద్యాశాస్త్రం కాదు, ఒక తెలుగు నాటకం. గురజాడ అప్పారావు 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. ఉత్తీర్ణుడైనవాడు, విజయనగరంలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఆయన 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లోను, పెంచి వ్రాసిన రెండవ కూర్పు 1909లోను వెలువడినవి. అందులో వెంకమ్మ తన కొడుకునూ గిరీశాన్నీ ఒకసారి ఇంగ్లీషు మాటలాడుమని కోరుతుంది. అంతట గురుశిష్యులు సంభాషణ వలె ఒకరి కొకరు అప్పగించుకొన్నవి ఏవి? పసిపిల్లల పాటలోని ఒక చరణం, వాచకంలోని ఒక ఒంటి వాక్యం, రేఖాగణితంలోని ఒక సిద్ధాంతం, బహువచనాన్ని గూర్చిన ఒక వ్యాకరణసూత్రం, మిల్టను మహాకావ్యారంభానికి ఒక వికృతి. తల్లి మురిసిపోయినది.

ఈ ఘట్టానికి నవ్వని తెలుగువాడు ఉండడు. నవ్వు తగ్గిన తరువాత గమనింపవలసినది ఒకటి కలదు. ఆ మాటలన్నీ పాఠశాల ఇచ్చినవే. వెంకటేశం పరీక్ష తప్పినవాడు. అయినా సూత్రం సూత్రంగానే చెప్పినాడు, సిద్ధాంతం సిద్ధాంతంగానే చెప్పినాడు. అతని నోట పలికినది నాటి పాఠ్యప్రణాళికా సంగ్రహమే. ఇంగ్లీషు రాని వెంకమ్మ ఆ ధ్వనిని విని సంతోషించినది. ఇంగ్లీషు వచ్చిన విశ్వవిద్యాలయం ఆ ధ్వనినే కాగితం మీద చూచి మార్కులు వేసినది. పరీక్షకులుగా ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అమాయకులో నాటకకర్త చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1892లో, రవీంద్రనాథ ఠాకూరు 'శిక్షార్ హేర్‌ఫేర్' అనే వ్యాసంలో ఈ వ్యాధికి మూలం చూపినాడు. బాలుడు ఇంగ్లీషు మాట నేర్చుకొంటాడు గాని ఆ మాట వెనుక అతనికి చిత్రం లేదు. వాచకంలోని ఇళ్ళు, ఆటలు, ఋతువులు అతడు చూచినవి కావు. నేర్పే ఉపాధ్యాయునికి కూడా అటు ఇంగ్లీషు చాలదు, ఇటు వంగభాష చాలదు. గుఱ్ఱాన్ని గూర్చిన ఒక చిన్న ఇంగ్లీషు వాక్యాన్ని మాతృభాషలో చెప్పబోతే రెండు భాషలూ ఎట్లు కలుషితమగునో ఆయన వేళాకోళంగా వివరించినాడు. అనువాదకులు ఈ భాగం తప్పక చూడవలెను. విమర్శతో ఆయన ఆగలేదు. బాలురకోసం ఇంగ్లీషు బోధించుటకు స్వయంగా 'ఇంగ్రేజీ సోపాన్', 'ఇంగ్రేజీ శ్రుతిశిక్షా' అనే పుస్తకాలు కూర్చినాడు. మహాకవులు వాచకాలు వ్రాయుట వంగదేశంలో చిన్నతనం కాలేదు.

తెలుగుదేశంలో ఇదే ప్రశ్న మరొక దారి పట్టినది. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె. ఏ. యేట్స్ భాషలను సహజపద్ధతిని నేర్పవలెననే పక్షంవాడు. తరగతిలో వినిపించే తెలుగు, వీధిలో వినిపించే తెలుగు ఒకటి కాకపోవుట ఆయనను ఆశ్చర్యపరచినది. ఆయన సందేహాలు గిడుగు రామమూర్తిని, గురజాడను, పి. టి. శ్రీనివాస అయ్యంగారును కదిలించినవి. తరువాత 1911 మొదలు 1914 వరకు పరీక్షలలో విద్యార్థి ఏ తెలుగు వ్రాయవలెననే వివాదం చెలరేగినది. 1914లో గురజాడ తన అసమ్మతిపత్రం సమర్పించినాడు. వ్యావహారిక భాషోద్యమం కావ్యగోష్ఠులలో పుట్టినదని భావించేవారు దాని పుట్టుకలో పరీక్షాపత్రానికి ఉన్న పాలు గుర్తించవలెను. జవాబుపత్రంలో ఏ భాష చెల్లునో అదే తరగతిలో చెల్లును. తరగతిలో చెల్లినది పుస్తకాలలోనికి ప్రాకును.

ఇంతలో పడమటి దేశాలలో పరీక్షలనే పరీక్షించుట ఆరంభమైనది. 1888లోనే ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు పరీక్షల మార్కులలో అదృష్టం పాలెంతో గణితంతో లెక్కగట్టినాడు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనేవారు ఉన్నత పాఠశాల విద్యార్థి వ్రాసిన ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని నూటనలుబదిమందికి పైబడిన ఉపాధ్యాయులచే దిద్దించినారు. నూటికి 64 మొదలు 98 వరకు మార్కులు వచ్చినవి. కాగితం ఒకటే, సిరా ఒకటే. 1915లో కాన్సాస్‌లో ఎఫ్. జె. కెల్లీ మౌనపఠన పరీక్ష ఒకటి తయారు చేసినాడు. ఇచ్చిన వాటిలో సరియైన జవాబును గుర్తించుటయే అందులోని పద్ధతి. నేడు ప్రతి పోటీపరీక్షలోను కనిపించే ప్రశ్నల వంశానికి అది కూటస్థం. దిద్దేవాని చాపల్యం దానితో తొలగినది. చదివేవాని ఊహాశక్తికి చోటు కూడా దానితోనే తగ్గినది.

వీరందరికంటె లోతుగా చూచినవాడు థార్న్‌డైక్. పాఠశాల హాజరును గూర్చిన ఒక చిన్న పేరా ఇచ్చి, దానిపై తేలికయైన ప్రశ్నలు వేసి, పిల్లల తప్పులను ఏరి, 1917లో ఒక వ్యాసం ప్రకటించినాడు. పది సంవత్సరాల బాలిక ఏ రోజున బడికి రాకపోవచ్చునని అడిగితే, పేరాలో లేని పుట్టినరోజును కొందరు చెప్పినారు. అక్షరాలు వచ్చును, మాటలు వచ్చును. అయినా ఏ మాటకు ఎంత బరువు ఈయవలెనో తెలియలేదు. చదువుట అంటే ఆలోచించుటయే, లెక్క చేయుట వంటిదే అని ఆయన తేల్చినాడు. మన అలంకారికులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని చెప్పినదానికి ఇది దూరపు చుట్టం. 1921లో ఆయనే ఇంగ్లీషులో తఱచుగా వచ్చే పదివేల పదాల పట్టిక ప్రచురించినాడు. ఆ పట్టిక ఢాకా చేరినది.

మైకేల్ వెస్ట్ 1888లో జన్మించినాడు. 1912లో భారత విద్యాశాఖలో చేరినాడు. ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా వంగదేశపు పాఠశాలల స్థితిని దగ్గరనుండి చూచినాడు. ఆయన పరిశోధనల సారం 1926లో భారత విద్యా బ్యూరో కలకత్తాలో ప్రకటించిన 'బైలింగ్వలిజం' అనే గ్రంథం. అందులో వంగదేశమే ఉదాహరణం. సర్కారు నివేదికల వరుసలో వచ్చినందున దానిని సాహిత్యజనం అంతగా చూడలేదు. చూడదగిన గ్రంథం.

వెస్ట్ మొదట అడిగినది ఎట్లు బోధించవలెనని కాదు, ఎవరికి బోధిస్తున్నామని. బడిలో చేరిన పిల్లలలో అధికసంఖ్యాకులు చివరి తరగతి చేరకమునుపే మానివేస్తారు. పాఠ్యప్రణాళిక మాత్రం చివరివరకు నిలిచి కళాశాలకు పోయే కొద్దిమందిని దృష్టిలో పెట్టుకొని ఏర్పడినది. మూడేండ్లు ఇంగ్లీషు చదివి మానినవానికి ఆ మూడేండ్ల చదువు దేనికి పనికివచ్చును? జీవితభీమా పాలసీని నడుమ మానుకొన్నవానికి కట్టిన సొమ్ములో కొంత తిరిగి వచ్చును. దానిని సరెండర్ విలువ అంటారు. వెస్ట్ ఆ మాటనే అరువు తెచ్చుకొని భాషాబోధకు పెట్టినాడు. మాటలాడుట సగం నేర్చి మానితే అది కొద్దినాళ్ళలో మాసిపోవును. వ్రాయుట సగం వచ్చినవానికి అది అసలే అక్కరకు రాదు. చదువుట మాత్రం కొద్దిగా వచ్చినా కొద్దిగా ఉపయోగించును. పుస్తకం తోడుంటే ఉపాధ్యాయుడు లేకయే పెరుగును. అందుచేత పఠనమే ముందు, తక్కినవి వెనుక అని ఆయన నిశ్చయం. దరిద్రదేశపు బడిని గూర్చి ఇంతటి లౌక్యంతో, ఇంతటి జాలితో ఆలోచించిన అధికారులు ఎక్కువమంది లేరు.

పఠనం వచ్చినదో లేదో ఎట్లు తెలియవలెను? తరగతిలో పఠనమంటే ఒకడు లేచి పైకి చదువుట, తక్కిన నలుబదిమంది వినుట లేక విననట్లుండుట. వెస్ట్ దృష్టిలో అది పఠనం కాదు, ఉచ్చారణ. ఆయన మౌనపఠనాన్ని తీసికొన్నాడు. ఎంత వేగంగా చదివినాడు, చదివినదానిలో ఎంత గ్రహించినాడు అని పరీక్షించినాడు. వంగబాలురు ఇంగ్లీషు మొదలుపెట్టి అన్ని యేండ్లు గడచినా, తమకంటె చాల చిన్నవారైన ఇంగ్లండు పిల్లల స్థాయిని కూడా పఠనంలో అందుకోలేకపోయినారు. ఇందులో వింత లేదు. వింత ఏమనగా, లోపం బాలుని బుద్ధిలో ఉన్నదని చేతులు దులుపుకొనక, ఆయన బాలుని చేతనున్న వాచకాన్ని పరీక్షకు నిలబెట్టుట.

వాచకాలలో రెండు దోషాలు దొరికినవి. మొదటిది, అందులోని మాటలు. 'ఐలండ్' అనదగినచోట 'ఐల్' అనీ, 'బిఫోర్' అనదగినచోట 'ఎర్' అనీ, ఇంగ్లండులోనే వాడుక తప్పిన కావ్యపదాలు పరదేశపు పిల్లవాని నెత్తిన రుద్దినారు. గ్రాంథికవాదంతో పరిచయమున్న తెలుగు పాఠకునికి ఈ దోషం వివరింపనక్కరలేదు. రెండవది, క్రొత్తమాటల దట్టం. ఒక్కొక్క వాక్యంలో రెండు మూడు క్రొత్తమాటలు వచ్చి, వాటి అర్థం మరచిపోవులోగా మఱల కనబడక మాయమగును. పిల్లవాడు చదువుతున్నది కథ కాదు, నిఘంటువు. వెస్ట్ థార్న్‌డైక్ పట్టికను దగ్గర పెట్టుకొని, అరుదైన మాటలకు బదులు తఱచైన మాటలు వేసి, ఒక్క క్రొత్తమాట వచ్చిన తరువాత అది పలుమార్లు మఱల వచ్చునట్లు కూర్చి, తెలిసిన మాటలతోనే పుటలకొలది కథ నడుచునట్లు పాఠాలు తిరుగవ్రాసినాడు. ప్రశ్నలను పాఠం చివర కాక ముందే ఇచ్చినాడు. వెదకవలసినది తెలిసినవాడు పుటలమీద కన్నులు పరుగెత్తించును, అక్షరమక్షరం తడుముకొనడు. ఈ చిన్న మార్పులో పరీక్ష శిక్షగా కాక దారి చూపే దీపంగా మారినది.

ఈ ప్రయోగాల ఫలితంగా లాంగ్‌మన్స్ సంస్థవారు 'న్యూ మెథడ్' వాచకాలను ప్రచురించినారు. అవి వంగదేశం దాటి ఇతర ఖండాలకు పోయినవి. వెస్ట్ 1935లో ఎండికాట్‌తో కలిసి తయారుచేసిన నిఘంటువులో సుమారు 24,000 మాటలకు, పదబంధాలకు 1,490 పదాలతోనే అర్థాలు చెప్పినాడు. నిఘంటువులో అర్థం చూస్తే ఆ అర్థానికి మరొక అర్థం చూడవలసిన దుస్థితి ఎఱిగినవారు దీని విలువ గ్రహింతురు. 1934లో న్యూయార్కులో కార్నెగీ సంస్థ ఆధ్వర్యాన జరిగిన సదస్సులో టోక్యోలో పనిచేసిన హెరాల్డ్ పామర్, ఢాకాలో పనిచేసిన వెస్ట్ ఒకచోట కూర్చుని పదజాల నిర్ణయం చర్చించినారు. సుమారు రెండువేల పదాల 'జనరల్ సర్వీస్ లిస్ట్' 1953లో వెస్ట్ సంపాదకత్వాన వెలువడినది. ఇంగ్లీషు నేర్పుటలో నేటికీ ఉదాహరించే ఆ పట్టిక మూలాలలో బూడిగంగ ఒడ్డున ఉన్న తరగతిగదులు కూడా కలవని ఇంగ్లండులో సైతం కొందరే తలుస్తారు.

వెస్ట్‌ను మెచ్చుకొన్నంతమాత్రాన ఆయన లెక్కలో లోపం చూడకపోరాదు. వంగబాలునికి ఇంగ్లీషు ఎందుకు? తన భాషలో లేని శాస్త్రవిషయాలు, లోకవార్తలు తెలిసికొనుటకు. వంగభాషలో కావ్యసంపద ఉన్నది, సమాచార గ్రంథాలు చాలవు. ఆ కొఱత ఇంగ్లీషు తీర్చును. ఇది వెస్ట్ వాదం. వాదం సబబే గాని, ఇందులో పాఠకుడు కేవలం గ్రహీత. అతడు చదివినదానితో ఏమి చేయునో వెస్ట్ పరీక్షలలో ప్రశ్న లేదు. నిజానికి ఇంగ్లీషు పఠనం భారతదేశంలో చేసిన పెద్దపని సమాచార సేకరణ కాదు. బంకించంద్రుడు నవల చదివి నవల వ్రాసినాడు. తెలుగువారిలో రష్యన్ ఎఱుగనివారు ఇంగ్లీషు ద్వారా గోర్కీని చదివినారు. క్రొవ్విడి లింగరాజు 'అమ్మ'ను తెలుగు చేసినాడు. ఇట్టి చదువరిని ఏ మౌనపఠన పరీక్షలో కూర్చుండబెట్టినా అతని వేగం తక్కువగానే తేలును. అతడు ఒక్కొక్క వాక్యం వద్ద నిలిచి, ఇది నా భాషలో ఎట్లు చెప్పుదునా అని ఆలోచించుచుండును. నిమిషానికి ఇన్ని మాటలని లెక్కించే గడియారానికి ఆ ఆగుట మందకొడితనం.

మాటల పట్టిక విషయంలో కూడా ఇట్టి చిక్కే కలదు. 'ఐల్' తీసి 'ఐలండ్' వేయుట పిల్లవానికి ఉపకారం. కాని 'రాబిన్సన్ క్రూసో' తఱచైన మాటలలోనికి కుదించబడినప్పుడు కథ మిగులును, డీఫో కంఠం మిగులదు. సంక్షిప్త వాచకంతో మొదలుపెట్టినవాడు మూలగ్రంథం చేరుట వెస్ట్ ఆశయం. పరీక్షకు సంక్షిప్తమే చాలునన్నప్పుడు అక్కడే ఆగిపోయినవారు ఎందరో. ఈ దోషం పద్ధతిది కాదు, పద్ధతిని మింగిన పరీక్షది.

పరీక్ష అన్నిటినీ మింగును. దీనిని గుర్తించిన మరొకడు కూడా ఢాకాలోనే ఉండుట విశేషం. 1917-19లో శాడ్లర్ అధ్యక్షతన పనిచేసిన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘంలో సభ్యుడైన ఫిలిప్ హార్టాగ్, 1921లో తలుపులు తెరచిన ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు. 1929లో ఆయన పేరుతో ప్రసిద్ధమైన విద్యానివేదిక బడి మానివేసే పిల్లల సమస్యను, అనగా వెస్ట్ చెప్పిన సరెండర్ విలువ సమస్యనే, దేశమంతటికీ వర్తింపజేసి చెప్పినది. 1935లో రోడ్స్‌తో కలిసి ఆయన ప్రకటించిన పుస్తకం ఇంగ్లండులో అలజడి లేపినది. ఒకే మార్కు పొందిన 15 చరిత్ర జవాబుపత్రాలను 14 మంది పరీక్షకులకు ఇచ్చి, ఏడాదికి పైగా గడచిన తరువాత ఆ పత్రాలనే వారికే మఱల ఇచ్చినారు. 210 నిర్ణయాలలో 92 మారిపోయినవి. తప్పినవాడు గట్టెక్కినాడు, గట్టెక్కినవాడు తప్పినాడు. పరీక్షకుడు వేరు కాదు, వాడే. మెట్రిక్ తప్పి ఊరిలో తలదించుకొని తిరిగిన కుఱ్ఱవాండ్రను తలచుకొని ఈ అంకెను చదువవలెను.

స్వాతంత్ర్యం తరువాత 1948-49లో రాధాకృష్ణన్ సంఘం విశ్వవిద్యాలయ సంస్కరణలలో పరీక్షా సంస్కరణకే అగ్రస్థానమిచ్చినది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు సంఘం ఉన్నత పాఠశాల పరీక్షలను గూర్చి అదే మాట చెప్పినది. 1957లో నాగపూరులో ఇంగ్లీషు బోధనపై జరిగిన అఖిలభారత సదస్సు వాక్యనిర్మాణాల వరుసను, పరిమిత పదజాలాన్ని అంగీకరించినది. వెస్ట్ పేరు చెప్పినా చెప్పకపోయినా అందులో ఢాకా వాసన ఉన్నది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసినది. కన్నడ కవి వినాయక కృష్ణ గోకాక్ ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసినాడు. మాతృభాషలో కావ్యాలు వ్రాసినవాడు పరభాషా బోధనాసంస్థను నడపుట రవీంద్రుని సంప్రదాయానికి కొనసాగింపే. ఆ సంస్థయే నేటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఆ రోజులలోనే అమెరికానుండి బెంజమిన్ బ్లూమ్ వచ్చి పరీక్షల మీద కార్యశాలలు జరిపినాడు. జ్ఞాపకం వేరు, అవగాహన వేరు, అన్వయం వేరు అనే విభజన నాటినుండి మన ప్రశ్నపత్రాల పరిభాషలోనికి వచ్చినది. పరిభాష వచ్చినంత వేగంగా వస్తువు రాలేదు.

1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ ఒక క్రొత్త పరీక్ష కనిపెట్టినాడు. పేరాలో ప్రతి అయిదవ మాట చెరిపివేసి, ఖాళీని పూరింపుమనుట. సందర్భం గ్రహించినవాడే పూరింపగలడు. టీక చదివి వచ్చినవానికి అది సాయపడదు. వచనం చదువుటకు ఎంత సులువో కొలుచుటకు పుట్టిన ఈ సాధనం తరువాత పరభాషాభ్యాసకులను పరీక్షించుటకు వ్యాపించినది. సమస్యాపూరణం చేసిన అవధానుల నాడు ఈ మర్మం తెలియదనుకోరాదు. సగం చెప్పి తక్కిన సగం ఊహింపజేయుట భాష తెలిసినవానికి మాత్రమే పెట్టగల పరీక్ష. అయితే మన పాఠశాలలలో 'ఖాళీలు పూరింపుడు' అనేది పాఠంలోని వాక్యాన్నే యథాతథంగా ఇచ్చి ఒక మాట తీసివేయుటగా దిగజారినది. మఱల వెంకటేశమే.

పాఠ్యపుస్తకంలో లేని పేరా ఇచ్చి ప్రశ్నించుట ఇప్పుడు ఉన్నత పాఠశాల పరీక్షలలో సాధారణమైనది. ఇది మేలు. ఇందులోను ఒక ముడి విప్పబడలేదు. ప్రశ్న ఇంగ్లీషులో, జవాబు ఇంగ్లీషులో. విద్యార్థి పేరాను గ్రహించి కూడా జవాబు వ్రాయలేక తప్పవచ్చును. గ్రహింపక కూడా ప్రశ్నలోని మాటను పేరాలో వెదకి, ఆ వాక్యాన్ని ఎత్తివ్రాసి మార్కులు పొందవచ్చును. రెండవ విద్య మన పిల్లలకు చక్కగా వచ్చును, నేర్పేవారూ ఉన్నారు. గ్రహించినది నీ భాషలో చెప్పుమని అడిగినప్పుడే ఈ రెండు రకాలవారు విడివడుదురు. ఇంగ్లీషు పరీక్షలో మాతృభాష మైల అనే భావం బలంగా ఉన్నందున ఆ ప్రశ్న బోర్డు పరీక్షలలో అడుగరు.

బోర్డుకు వెలుపల అడిగినవారున్నారు. ప్రథమ్ సంస్థ 2005 నుండి గ్రామీణ బాలుర చదువును ఇంటింటికి పోయి పరీక్షించుచున్నది; దాని నివేదికకు అసర్ అని పేరు. 2023లో 26 రాష్ట్రాలలోని 28 జిల్లాలలో 14 మొదలు 18 సంవత్సరాలవారిని కలిసికొన్నారు. చేతికిచ్చినది సులభమైన ఇంగ్లీషు వాక్యాలు కొన్ని. పైకి చదువగలిగినవారు నూటికి 57.3 మంది. చదివినవారిని వాటి అర్థమేమని అడిగినారు; నూటికి 73.5 మంది చెప్పగలిగినారు. అనగా వాక్యాన్ని తప్పులేకుండా పలికినవారిలో నాలుగవ వంతుకు పైబడి, పలికినది తమకు ఏమి చెప్పుచున్నదో తెలియక కాగితం తిరిగి ఇచ్చినారు.